సవరణ: ఆ చాక్లెట్ బిళ్లల డబ్బా గురించి

మొన్న కావలిలో ఐస్‌క్రీమ్ అనుకుని కొన్న, చాక్లెట్ బిళ్లలు కలిపిన ఫ్రోజెన్ డెజర్ట్ డబ్బా గురించి రాస్తూ "ఫ్రోజెన్ డెజర్ట్‌లో చుక్క పాలు ఉండవు, అంతా నకిలీ" అనేశాను, అది తప్పు. మా మరిది మూత మీద మంచు తుడిచి చూపించాడు, చీమల్లాంటి అక్షరాల్లో పాలపొడి అని ఉంది, కొవ్వు మాత్రం పామాయిల్‌ది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశంలో ఆహార ప్రమాణాలు పెట్టే ప్రభుత్వ సంస్థ) రూల్ ప్రకారం మామూలు ఐస్‌క్రీమ్‌లో పాలకొవ్వు కనీసం 10 శాతం ఉండాలి, ఫ్రోజెన్ డెజర్ట్‌లో దాని బదులు వంటనూనె వాడొచ్చు. అంటే కల్తీ కాదు, వేరే సరుకు. కాబట్టి నకిలీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ షాపతను ఐస్‌క్రీమ్ అని చెప్పి అంటగట్టాడు చూడండి, ఆ కోపం అలాగే ఉంది, అంగిట్లో అతుక్కున్న జిడ్డూ నిజమే. పిల్లలు మాత్రం బిళ్లలు ఏరుకుని తినేశారు, రంగు దిగి మిగతాదంతా నీలంగా తయారైంది.