జులై 1 జాబితా

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలమట్టం చేసిన తుపానుకు ‘తిత్లీ’ అన్న పేరు ఇచ్చింది పాకిస్తాన్. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరాన్ని తాకిన ‘గులాబ్’ కూడా వాళ్లు ఇచ్చిన పేరే. ఆ పేర్లను సిక్కోలు (శ్రీకాకుళం) జనం ఎంత తిట్టుకున్నా, వాటి వెనకున్న ఏర్పాటు మాత్రం మన చుట్టుపక్కల దేశాలు కలిసి చేసిన పనుల్లో బాగా నడుస్తున్న వాటిలో ఒకటి. ఉష్ణమండల తుపానుల ప్యానెల్ 1972లో మొదలైంది. 2004లో ఎనిమిది దేశాలు తలా ఎనిమిదేసి పేర్లిచ్చి 64 పేర్ల జాబితా వేసుకున్నాయి. అవి అయిపోవచ్చేసరికి 2020లో 13 దేశాలు 13 చొప్పున 169 పేర్లతో కొత్తది సిద్ధం చేశాయి. ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసి ఉంటుంది. హెచ్చరికలు ఢిల్లీలోని వాతావరణ కేంద్రం నుంచి అన్ని దేశాలకూ వెళ్తాయి. ప్రతి తుపానుకూ విదేశాంగ మంత్రుల అనుమతి అడిగే పని లేదు. అందుకే మధ్యలో ఎన్ని గొడవలొచ్చినా పేర్ల వరుస చెదరలేదు.

తిత్లీ వచ్చి రెండు నెలలు కూడా కాకముందే, 2018 నవంబరులో, గుజరాత్ వేరావల్ బోట్లలో వేటకు వెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్ గస్తీ దళాలకు చిక్కారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మంది ఆంధ్ర మత్స్యకారులు ఇటు అడుగుపెట్టారు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లావాళ్లే. అంటే కరాచీ జైల్లో పదమూడు నెలలు. వాళ్లింకా లోపలే ఉండగా, 2019 సెప్టెంబరు మొదట్లో, దక్షిణాసియా దేశాల సభాపతులు మాలేలో సమావేశమయ్యారు. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల మీద జరిగిన నాలుగో శిఖరాగ్ర సమావేశం అది. 2016లో ఢాకాలో, 2017లో ఇండోర్‌లో, 2018లో కొలంబోలో అంతకుముందువి జరిగాయి. మాలేలో పాకిస్తాన్ ప్రతినిధి కశ్మీర్ ప్రస్తావన తెచ్చారు, భారత ప్రతినిధి అభ్యంతరం చెప్పారు, మన పత్రికల్లో ఆ వాగ్వాదమే మిగిలింది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమంటే ఇదే.

చట్టసభల మధ్య సహకారం అనవసరమని ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పనికొచ్చేలా అది జరగడం లేదనే ఫిర్యాదు. అంతర్ పార్లమెంటరీ యూనియన్ 1889 నాటిది. దానిలో మన తరఫున పాల్గొనే భారత పార్లమెంటరీ గ్రూపు 1949లో ఏర్పడింది. సార్క్ సభాపతుల, సభ్యుల సంఘం 1992లో మొదలైంది. వేదికలకు కొరత లేదు. వాటి అజెండా మాత్రం ఆకాశమంత. పేదరికం, వాతావరణం, మహిళా సాధికారత అన్నీ రెండు రోజుల్లో అయిపోవాలి. తీర్మానం ఏకగ్రీవం కావాలి కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేని మాటలే మిగులుతాయి. ఎన్నికలొస్తే ప్రతినిధులు మారిపోతారు. పోయినసారి ఒప్పుకున్నది ఏమైందని అడిగే మనిషి ఉండడు.

నార్డిక్ దేశాలు ఈ పని వేరేలా చేశాయి. డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్ పార్లమెంటులు కలిసి 1952లో నార్డిక్ కౌన్సిల్‌ను పెట్టుకున్నాయి, ఫిన్లాండ్ 1955లో చేరింది. సభ్యులు 87 మంది, అందరూ తమ తమ పార్లమెంటుల్లో కూర్చునేవాళ్లే. ఒక దేశంలో ఇల్లు, పక్క దేశంలో ఉద్యోగం ఉన్నవాడికి పింఛను, పన్ను, లైసెన్సు దగ్గర తగిలే అడ్డంకులను అక్కడ ఒక జాబితాగా రాసుకుంటారు. దాని కోసమే ఒక మండలి ఉంది. ఏ అడ్డంకి ఏ శాఖ దగ్గర ఆగిందో పట్టుకుని, ఏటా కొన్నింటిని తొలగించడమే దాని పని. గొప్ప ఉపన్యాసాలకు అక్కడా లోటు లేదులెండి. జాబితా మాత్రం వాటికి ఆగదు.

చట్టసభలు కలిసి కదలకపోతే ఏమవుతుందో చూడటానికి నార్డిక్ దాకా పోనక్కరలేదు, మన పక్కనే ఉంది. భారత్, బంగ్లాదేశ్ 1974లో భూసరిహద్దు ఒప్పందం చేసుకున్నాయి. బంగ్లాదేశ్ పార్లమెంటు అదే ఏడాది రాజ్యాంగాన్ని సవరించి ఆమోదించింది. భూభాగం వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణ కావాలని మన సుప్రీంకోర్టు బేరుబారీ వ్యవహారంలో 1960లోనే చెప్పింది. ఆ సవరణ మన పార్లమెంటులో 2015 మేలో గానీ జరగలేదు. వందో రాజ్యాంగ సవరణ అది. ఆ 41 ఏళ్లూ బంగ్లాదేశ్ లోపల, చుట్టూ పరాయి నేలే ఉన్న 111 భారత భూముల ముక్కల్లో, మన లోపల అలాంటివే 51 బంగ్లా ముక్కల్లో జనం ఏ దేశపు రేషను కార్డుకూ నోచుకోకుండా బతికారు. సంతకం ప్రభుత్వం చేస్తుంది, చట్టం సభ చేయాలి. 253వ అధికరణం ఆ అధికారం మన పార్లమెంటుకు ఇచ్చింది. రెండు వైపులా సభలు ఒకే వేళకు కదలాలంటే వాటి మధ్య మాట నడవాలి.

మళ్లీ సముద్రానికి వద్దాం. శ్రీకాకుళానికి దాదాపు 193 కిలోమీటర్ల తీరముంది. భోగాపురం, పూసపాటిరేగ మండలాలతో విజయనగరానికీ కొంత ఉంది. పెద్ద బోట్లు నిలిచే హార్బర్లు లేక, డి.మత్స్యలేశం, కె.మత్స్యలేశం, బడివానిపేట లాంటి ఊళ్ల నుంచి జనం ఏటా వేరావల్, పోరుబందరు పోతారు. పడమటి తీరంలో వేట నిషేధం జూన్ 1 నుంచి జులై 31 వరకు. నిషేధం తీరగానే బోటు కదలాలి కాబట్టి జులైలోనే యజమాని దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని రైలెక్కుతారు. తండేలు, అంటే బోటు నడిపే పెద్ద, అతని కింద కళాసీలుగా (బోటు కూలీలుగా) వేసవి దాకా అక్కడే. చేపలు గుజరాత్, పాకిస్తాన్‌ల మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ వైపు ఎక్కువ. ఆ 96 కిలోమీటర్ల క్రీక్ దగ్గర హద్దు ఇప్పటికీ తేలలేదు. ఇంజను ఆగినా, రాత్రి పోటు లాక్కుపోయినా, తండేలు ఆశపడినా ఫలితం ఒకటే. తూర్పున కూడా ఇదే ఇబ్బంది. 2025 అక్టోబరులో విజయనగరం తీరపు మత్స్యకారులు బంగ్లాదేశ్ జలాల్లో పట్టుబడ్డారు.

చట్టం ఏమంటుంది? ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం 73వ అధికరణం ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దాటాక 200 మైళ్ల వరకు, చేపల వేట నేరానికి జైలు శిక్ష వేయకూడదు, దేశాల మధ్య అందుకు వేరే ఒప్పందం ఉంటే తప్ప. తగిన పూచీకత్తు కడితే బోటునూ మనుషులనూ వెంటనే వదలాలి. పట్టుకున్న సంగతి బోటు దేశానికి వెంటనే చెప్పాలి. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక నాలుగూ దీన్ని ఆమోదించాయి. మన 1981 నాటి విదేశీ నౌకల చట్టం కూడా ఆ తేడా పాటిస్తుంది: ప్రాదేశిక జలాల్లో, అంటే 12 మైళ్ల లోపల, అయితే మూడేళ్ల దాకా జైలు, ఆర్థిక మండలంలో అయితే జరిమానా మాత్రమే. చిక్కు ఎక్కడంటే, 12 మైళ్ల లోపల 73వ అధికరణం వర్తించదు, క్రీక్ దగ్గర ఆ లోపల పట్టుబడినవాళ్లకు దాని రక్షణ ఉండదు. దానికి తోడు విదేశీయుల చట్టం కింద కూడా కేసు పెడితే సముద్ర చట్టం పక్కకు పోతుంది. శ్రీలంక 2018లో తన చట్టాన్ని సవరించి విదేశీ బోట్లకు జరిమానాలు బాగా పెంచింది. ఎవరి సభ వాళ్లు ఎవరి ఓటర్ల కోసం వాళ్లు చట్టం బిగించుకుంటూ పోతే, బిగిసేది జాలరి మెడకే.

శిక్ష కంటే పెద్ద ఆలస్యం శిక్ష తర్వాత. 2008 మేలో భారత్, పాకిస్తాన్ చేసుకున్న కాన్సులర్ ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. పట్టుకున్న మూడు నెలల్లోపు రాయబార సిబ్బందిని కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, జాతీయత ఖరారైన నెలలోపు పంపాలి. జాబితాలు క్రమం తప్పకుండా చేతులు మారుతున్నాయి. ఆగిపోయేది ‘జాతీయత ఖరారు’ దగ్గర. కరాచీలో ఉర్దూలో రాసుకున్న పేరు ఇంగ్లీషులోకి మారి ఢిల్లీ వస్తుంది. అక్కడి నుంచి రాష్ట్ర హోంశాఖకు, ఎస్పీకి, స్టేషనుకు. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ ఒకటి. ‘మత్స్యలేశం’ అని మాత్రమే రాస్తే డి.మత్స్యలేశమా, కె.మత్స్యలేశమా తెలియదు. కొందరి చిరునామా గడిలో వేరావల్ బోటు యజమాని ఊరు ఉంటుంది, అప్పుడు కాగితం గుజరాత్ పోయి తిరిగొస్తుంది. ఒక్కో మెట్టు దగ్గర కాగితానికి వారాలు. రెండు దేశాల విశ్రాంత న్యాయమూర్తులతో 2007లో ఏర్పాటైన కమిటీ జైళ్లకే వెళ్లి ఇలాంటివి తేల్చేది. 2013 అక్టోబరు తర్వాత దాని పని ఆగిపోయింది.

అధికారులు తలుచుకుంటే కొన్ని పనులు సభలు లేకుండానే అవుతాయి, ఆ మాటా ఒప్పుకోవాలి. మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. బంగ్లాదేశ్‌లో మే 20 నుంచి జులై 23 వరకు ఉండేది. మన నిషేధం తీరాక తమ చేపను మన బోట్లు పట్టుకుపోతున్నాయని అక్కడి జాలర్లు మొత్తుకునేవారు. 2025లో వాళ్లు ఏప్రిల్ 15 నుంచి జూన్ 11కి మార్చుకున్నారు. అప్పటికి బంగ్లాదేశ్ పార్లమెంటు రద్దయి ఉంది. ఆ ఏడాది జనవరి 5నే, సంబంధాలు బాగా చెడి ఉన్న రోజుల్లోనే, 95 మంది భారత జాలర్లు, 90 మంది బంగ్లా జాలర్లు విడుదలై ఇళ్ల దారి పట్టారు. మరి చట్టసభలెందుకు అంటే, తేదీలు కలపడం అధికారికి చేతనవుతుంది గానీ, ఫలానా మనిషి శిక్ష ఎప్పుడో తీరింది కదా, ఇంకా ఎందుకు రాలేదు అని అధికారిని నిలదీసే హక్కు సభ్యుడిదే.

కాబట్టి కావలసింది ఇంకో శిఖరాగ్ర సమావేశం కాదు. భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక పార్లమెంటుల నుంచి తీరప్రాంత సభ్యులు ముగ్గురేసి. ఏడాదికి రెండుసార్లు. వాళ్ల ముందు ఒకే ఒక్క పట్టిక: పేరు, ఊరు, బోటు నంబరు, పట్టుబడిన తేదీ, రాయబార సిబ్బంది కలిసిన తేదీ, జాతీయత తేలిన తేదీ, శిక్ష ముగిసిన తేదీ, ఆగిన చోటు. హద్దు ఎక్కడన్న చర్చ ఆ గదిలోకి రానివ్వకూడదు. పాకిస్తాన్‌తో కూర్చునే పరిస్థితి లేకపోతే కూర్చోవద్దు. అదే పట్టికను జనవరిలో, జులైలో ఎవరి సభలో వాళ్లు బల్ల మీద పెడితే చాలు. సరిహద్దు దగ్గర పడితే హెచ్చరించే ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లకు అమర్చే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. ఏ బోటుకు పెట్టారు, దేనికి పెట్టలేదు అన్నదీ ఆ పట్టికలో ఒక గడి కావాలి.

విదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లం, మన ప్రవాస సంఘాల పాత్ర గురించి ఒక మాట. మనం ఉంటున్న దేశాల్లో మన నియోజకవర్గ ప్రతినిధికి ఉత్తరం రాయడం, అపాయింట్‌మెంటు అడగడం అలవాటైపోయింది. ఊరి విషయానికొచ్చేసరికి మహాసభలో తీర్మానం చేసి, శాలువా కప్పి వచ్చేస్తాం. దానివల్ల ఒరిగేదేమీ లేదు. లోక్‌సభకు పిటిషన్ పంపితే అది కమిటీకి వెళ్తుంది. ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి, లేదా అనువాదం జత కావాలి. సంతకం చేసిన ప్రతివాళ్ల పూర్తి చిరునామా ఉండాలి, చదువు రానివాళ్లు వేలిముద్ర వేయవచ్చు. సభ్యుడి చేత సభలో పెట్టిస్తే ఆయన సంతకమూ ఉండాలి. చాలామంది చేసే పొరపాటు, ఉత్తరాలు, అఫిడవిట్లు, పేపరు కత్తిరింపులు కుట్టి పంపడం. అవేవీ జతచేయకూడదు. సంతకాలు బాధిత కుటుంబాలవైతే మంచిది. మన పని రాయించడం, తర్జుమా చేయించడం, ఢిల్లీలో వెంటపడటం.

ప్రశ్న వేయించడం ఇంకా సులువు. కనీసం 15 రోజుల ముందు నోటీసు, 150 మాటలు మించకూడదు, ఒకే విషయం. ఖైదీల సంగతి విదేశాంగ శాఖకు, ట్రాన్స్‌పాండర్ల సంగతి మత్స్య శాఖకు. రెండూ కలిపి రాస్తే ప్రశ్న శాఖలు మారుతూ సమావేశాలే అయిపోతాయి. ఏ ప్రశ్న వస్తుందో బ్యాలెట్‌లో తేలుతుంది కాబట్టి నలుగురైదుగురు ఎంపీల చేత ఒకే ప్రశ్న వేయించండి. ప్రస్తుత శ్రీకాకుళం ఎంపీ కేంద్రమంత్రి, మంత్రులు ప్రశ్నలు అడగరు. కాబట్టి విజయనగరం సభ్యుణ్ణీ రాజ్యసభ సభ్యులనూ పట్టుకోవాలి. ‘సమాచారం సేకరిస్తున్నాం’ అని జవాబొస్తే నిరాశపడొద్దు. అది సభకిచ్చిన హామీ కింద లెక్క, మూడు నెలల్లో తీర్చకపోతే హామీల కమిటీ అడుగుతుంది. ఆ తేదీ క్యాలెండరులో గుర్తు పెట్టుకునేవాళ్లు ఒకరు ఉండాలి.

వీటన్నిటికీ ముందు ఊళ్లో జరగాల్సిన పని ఒకటుంది, ఖర్చు పెద్దగా ఉండదు. రైలెక్కేముందు ప్రతి కళాసీ పేరు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతో, తండ్రి పేరు, పూర్తి ఊరి పేరు, ఫోటో, బోటు రిజిస్ట్రేషను నంబరు, యజమాని ఫోను, తండేలు పేరు గ్రామ సచివాలయంలో ఒక పుస్తకంలో ఎక్కాలి. బోటు మారితే ఫోను చేసి మార్పించాలి. సీజను మధ్యలో బోట్లు మారడం మామూలే, పుస్తకం తప్పయ్యేది అక్కడే. ఆ పుస్తకం ఉంటే ఎస్పీ కార్యాలయం నుంచి విచారణ వచ్చిన రోజే జవాబు పోతుంది. ఇది జూన్ నెలాఖరుకు పూర్తి కావాలి. జులై 1న జాబితా వస్తుంది, వర్షాకాల సమావేశాలు సాధారణంగా జులైలోనే మొదలవుతాయి, ఆగస్టులో బోట్లు కదులుతాయి. సంఘాలు డబ్బు పంపదలిస్తే మే నెలలో పంపాలి.