కళలు చదివితే సినిమా ఒక్కటే దిక్కా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతుంది. హైదరాబాద్‌లో సంగీతం, నృత్యం, నాటకం నేర్పే సరైన చోటే లేదనీ, నేర్చినా ఆ పట్టాకు ఉద్యోగం రాదనీ, చివరికి సినిమా అవకాశం కోసం కృష్ణానగర్‌లో పడిగాపులు కాయడమే మిగులుతుందనీ దాని సారాంశం. దీన్ని నమ్మి ఇష్టమైన చదువు మానుకుంటున్న పిల్లలున్నారు కనుక జవాబు చెప్పక తప్పదు.

చోటు లేదన్నది అబద్ధం. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలలోనూ నృత్యంలోనూ పీజీ ఉంది. 1985లో ఏర్పడి, ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం వీటితోపాటు జానపద కళలనూ బోధిస్తోంది. రాంకోఠిలో త్యాగరాజ, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలు ఉన్నాయి.

పట్టాకు విలువ లేదనడమూ సరికాదు. కేంద్రీయ విద్యాలయాలలో ప్రాథమిక తరగతుల సంగీత ఉపాధ్యాయ పోస్టుకు సంగీతంలో డిగ్రీ ఉండాలి. అధ్యాపక వృత్తికి దారితీసే యుజిసి నెట్ అర్హత పరీక్షలో సంగీతం ఒక సబ్జెక్టు, నృత్య నాటకాలు మరొకటి.

ఇక సినిమా ఒక్కటే దిక్కన్న మాట అన్నిటికన్నా హాని చేస్తోంది. ఆకాశవాణి స్వర పరీక్షలో నెగ్గినవారికి బి, బి హై, ఎ, టాప్ అంటూ గ్రేడు ఇస్తారు. పారితోషికం ఆ గ్రేడును బట్టే ఉంటుంది, అక్కడ ముఖవర్చస్సుతో పనిలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టి, నేడు లింగంపల్లిలో స్థిరపడిన సురభి వారి నాటకం చూసినవారికి తెలుసు: వేదికపై వాన కురవాలన్నా, దేవతలు గాలిలో తేలి రావాలన్నా తాళ్లు లాగేవారు, లైట్లు చూసేవారు, తెరలు గీసేవారు, రంగు పూసేవారు కావాలి. మంచి రంగస్థల శిక్షణలో ఈ పనులూ భాగమే. తెలంగాణ ప్రభుత్వమైతే సాంస్కృతిక సారథి అనే తన సంస్థ ద్వారా వందలాది గాయకులకు, కళాకారులకు నెలజీతపు కొలువులే ఇచ్చింది.

ఆ సందేశంలో ఒప్పుకోవలసిన నిజమూ ఉంది. శాశ్వత పోస్టులు తక్కువ, ఉన్న ఖాళీల భర్తీ ఏళ్ల తరబడి సాగుతుంది, చాలామంది పాఠాలూ ప్రదర్శనలూ డబ్బింగూ కలిపితేనే ఇల్లు గడుపుకోగలుగుతున్నారు. అయితే అది నియామకాలు జరపనివారిని నిలదీయవలసిన విషయం, పిల్లలను భయపెట్టవలసినది కాదు. చేరే ముందు ఆ విభాగంలో రెగ్యులర్ అధ్యాపకులు ఎందరున్నారో, ఏడాదికి ఎన్ని ప్రదర్శనలు చేయిస్తారో, లైటింగు, మేకప్ చేత్తో చేయించి నేర్పుతారో లేదో అక్కడి సీనియర్లను అడిగి తెలుసుకోండి.