దిమ్మల మీద పద్మిని

మా వాకిట్లో నాలుగు ఇటుక దిమ్మల మీద పదేళ్లకు పైగా ఆసీనమై ఉన్న 1978 నాటి ప్రీమియర్ పద్మిని కారును గురించి బంధువులలోనూ, వీధివారిలోనూ, కొంతవరకు చెత్త బండి సిబ్బందిలోనూ కొన్ని అపోహలు వ్యాపించి ఉన్నాయి. అది పాడైపోయిన కారని కొందరు, పారవేయవలసిన కారని మరికొందరు, అసలది కారే కాదని ఇచ్ఛాపురంలోని మా అత్తవారు అభిప్రాయపడుతున్నారు. ఈ మూడు అభిప్రాయాలూ తప్పే. అది మరమ్మతులో ఉన్న కారు. పాడైన కారుకూ మరమ్మతులో ఉన్న కారుకూ గల తేడా, పనీపాటా లేని కుర్రవాడికీ గ్రూప్ పరీక్షలకు చదువుకుంటున్న కుర్రవాడికీ గల తేడా వంటిది. ఇద్దరూ అరుగు మీదే కూర్చుంటారు గాని, రెండోవాడికి ఇంట్లో వేళకు కాఫీ వస్తుంది.

పాత కారును ఇంటి దగ్గరే ఉంచుకొని బాగుచేసుకునే వారందరూ చివరికి దాన్ని రోడ్డెక్కించాలన్న తొందరలో ఉంటారు. ఈ తొందరే సకల అనర్థాలకూ మూలమని, కారు బాగుపడటం కంటే బాగుపడుతూ ఉండటమే గృహస్థుకు శ్రేయస్కరమని ఒడిశాలోని మా బరంపురం అనుభవంతో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా వంశవృత్తాంతం చెప్పాలి. ఇటలీలో ఫియట్ 1100గా పుట్టిన ఈ నమూనా 1964 నుంచి బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారంలో ఫియట్ డిలైట్ పేరుతో తయారైంది. తరువాత కొంతకాలం ప్రెసిడెంట్ అనిపించుకొని, 1974లో పద్మిని అయింది. రాష్ట్రపతి పదవిని వదులుకొని రాణీవాసానికి వెళ్లిన వాహనం ఈ దేశంలో బహుశా ఇదొక్కటే. నాలుగు సిలిండర్లు, 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే కర్రలా పొడుచుకువచ్చిన గేరు, ముందు వరుసలో ముగ్గురు సర్దుకొని కూర్చోగల బల్లలాంటి సీటు దీని లక్షణాలు. ఆ రోజుల్లో కారు కావాలన్నవారు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. మా నాన్నగారూ అలాగే చూశారు. కారు రావడం కోసం ఆయన, కారు కదలడం కోసం నేను ఎదురుచూశాం కనుక మా ఇంట్లో వారసత్వంగా వచ్చింది కారు కాదు, ఓపిక.

2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను మా దగ్గరి గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన రాత్రి మా పెరటి కొబ్బరిచెట్టు వచ్చి పద్మిని నెత్తిన పడుకుంది. తెల్లవారి చెట్టును తీయించాక చూస్తే, పైకప్పు మధ్యలో ఒక బిందె దించగలిగినంత లోతున గుంట కనబడింది. ఊళ్లో ఎందరి ఇళ్ల కప్పులో ఎగిరిపోయిన ఆ తుపానులో మా కారు కప్పు ఎగిరిపోకుండా లోపలికి వెళ్లడాన్ని నేను విశ్వాసంగానే పరిగణించాను. అప్పటికి అది నడిచే కారే. గుంటను సరిచేయడానికి ఒక వారం చాలునని అందరూ అన్నారు. ఆ వారం ఇంకా నడుస్తోంది.

ఎందుకు నడుస్తోందో తెలియాలంటే తుప్పును గురించి తెలియాలి. సముద్రం మాకు పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఉప్పుగాలి ఇనుముకు చేసే ఉపకారం ఈ తీరంలో కిటికీ ఊచలున్న ప్రతి ఇంటికీ తెలిసినదే. పద్మినికి లారీలకున్నట్టు విడిగా చట్రం ఉండదు; ఒళ్లే దాని ఎముక. కనుక దానికి తుప్పు పట్టడమంటే చర్మవ్యాధి కాదు, ఎముకల వ్యాధి. పైన గుంట కోసం రంగు గీకితే కింద చిల్లు బయటపడింది. చిల్లు కోసం కాలికింది పట్టా ఎత్తితే వాకిట్లోని చీమలు కనిపించాయి. ఉప్పుతో వచ్చిన జబ్బును ఉప్పు కాగితంతో రుద్ది పోగొట్టడంలో ఏదో ఆయుర్వేద న్యాయం ఉందని తోచి, మూడు వేసవులు నేనే స్వయంగా రుద్దాను. తుప్పు పోయింది. దానితోపాటు ఆ రేకు కూడా పోయింది.

అప్పుడు మిస్త్రీ ప్రవేశించాడు. ఆయన ఒడియావాడు, అరవై దాటినవాడు, పేరు రాయడం ఆయనకు ఇష్టం ఉండదు. ఇంజను మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, దాని పిడిని చెవిలో పెట్టుకొని, కళ్లు మూసుకొని వినడం ఆయన పరీక్షా విధానం. ఇంజను ఆగి ఉన్నప్పుడు కూడా ఆయన అలాగే విన్నాడు. ఏం వినబడుతోందని అడిగితే, "బాబూ, ఏమీ వినబడటం లేదు, అదే జబ్బు," అన్నాడు. ఇంత నిజాయితీ గల వైద్యుణ్ణి నేను అంతవరకు చూడలేదు.

ఆయన మాట తప్పాడని మా ఇంట్లో ఎవరూ నిరూపించలేరు. దానికి కారణం ఒడియా భాష. ఒడియాలో 'కాలి' అంటే రేపు. 'కాలి' అంటేనే నిన్న. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. "కాలి హొయిజిబ," అని మిస్త్రీ హామీ ఇచ్చిన ప్రతిసారీ రేపు అయిపోతుందని మేము సంతోషించేవాళ్లం. ఆ రేపు వచ్చి, నిన్నగా మారి, వెళ్లిపోయాక కూడా ఆ మాట ఆ మాటగానే ఉండేది. (హైదరాబాదు నుంచి వచ్చిన మా పెదనాన్నగారి అబ్బాయి మొదటిసారి ఈ మాట విని, క్లచ్ ప్లేటు కాలిపోయిందనుకొని కంగారుపడ్డాడు. మరుసటి వారం అది నిజంగానే కాలింది. భాషాశాస్త్రవేత్తలు పరిశీలించవలసిన విషయం.)

ఇక ఇగ్నిషన్ సంగతి. ఈ కాలపు కార్లలో కంప్యూటరు చేసే పనిని పద్మినిలో నిప్పురవ్వను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటరు లోపలి రెండు చిన్న పాయింట్లు చేస్తాయి. అవి తెరుచుకొన్నప్పుడు వాటి మధ్య ఉండవలసిన సందు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా ఇంజను దగ్గుతుంది. ఆ సందును కొలవడానికి ఉక్కు రేకుల గేజీ ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. మా మిస్త్రీ పెళ్లి శుభలేఖతో కొలుస్తాడు. శుభలేఖ అట్ట మందం ఆ కుటుంబం హోదాను బట్టి మారుతుంది కనుక ఇంజను నడక కూడా అలాగే మారేది. 2017లో మా మేనమామగారి అబ్బాయి పెళ్లి కార్డుతో సరిచేసినప్పుడు అది వియ్యంకుడిలా గంభీరంగా మోగింది; ఆ మరుసటి ఏడు ఒక పొదుపరి కుటుంబం కార్డుతో సరిచేస్తే అప్పగింతల నాటి పెళ్లికూతురిలా వెక్కివెక్కి ఆగిపోయింది. ఇప్పుడు శుభలేఖలన్నీ వాట్సాప్‌లోనే వస్తున్నాయి. ఫోన్లలో శుభలేఖలు పంపేవారు దేశంలోని పాత కార్లకు ఎంత ద్రోహం చేస్తున్నారో ఎవరూ ఆలోచించడం లేదు.

మరమ్మతులో ఉన్న కారు చుట్టూ సలహా సంఘం దానంతట అదే ఏర్పడుతుంది. మా సంఘానికి అధ్యక్షులు పక్కింటి విశ్రాంత లెక్కల మాస్టారు. ఈ ఇంజనులో సిలిండర్లు ఒకటి, మూడు, నాలుగు, రెండు అన్న వరుసలో మండుతాయని తెలిసిన రోజు ఆయన మనసు గాయపడింది. అంకెల వరుస తెలియని యంత్రానికి క్రమశిక్షణ ఎక్కడిదని ప్రశ్నించి, నేను స్నానానికి వెళ్లిన సమయంలో ప్లగ్గుల తీగలను ఒకటి, రెండు, మూడు, నాలుగుగా మార్చి పెట్టారు. ఆ తరువాత వెలువడిన శబ్దానికి ఎదురింటివారు మా ఊరి అమ్మవారి జాతర బుడి ఠాకురాణి యాత్ర ఏడాది ముందే మొదలైందా అని బయటికి వచ్చి చూశారు.

సంఘంలో ప్రస్తుతం చర్చ పెట్రోలు మీద సాగుతోంది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసిపోయింది. చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, బియ్యం నుంచి తీసే ఈ ద్రవం తేమను పీల్చుకుంటుంది. వెనకటి కాలపు రబ్బరు గొట్టాలకూ గాస్కెట్లకూ ఇది పడదు. అవి ఉబ్బి, మెత్తబడి, పొరలుగా ఊడి కార్బురేటరు రంధ్రాలకు అడ్డం పడతాయి. కనుక గొట్టాలన్నీ మార్చాలని నేను, నలభై ఏడేళ్ల వాహనానికి ఇన్నాళ్లకు అన్నం పెడుతున్నారు కాబట్టి ముందు అన్నప్రాశన చేయించాలని మాస్టారు పట్టుబట్టాం. చక్కెర మిల్లు ఉన్న అస్కా మా జిల్లాలోనే ఉంది కాబట్టి చెరకు పెట్రోలును కాదనడం జిల్లా ద్రోహమని మరొక సభ్యుడి వాదన. గొట్టాలు ఇంకా మార్చలేదు. విశాఖపట్నం నుంచి బస్సులో వస్తున్నాయి. గతంలో అక్కడి నుంచే ఎడమ తలుపు పిడి తెప్పిస్తే కుడిది వచ్చింది. తిప్పి పంపితే మరొక కుడిది వచ్చింది. మూడు కుడి పిడులు గల పద్మిని ఇప్పుడు తూర్పు తీరంలో మాకొక్కరికే ఉందని గర్వంగా చెప్పగలను.

చట్టం కూడా నా పక్షానే ఉన్నదని మనవి చేస్తున్నాను. సొంత కారుకు పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషనును అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలుగా ఉన్న ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. మనుషులకు వయసు పెరిగితే పింఛను వచ్చే దేశంలో కార్లకు వయసు పెరిగితే జరిమానా పడుతోంది. అయితే 2021లో వచ్చిన వింటేజి వాహనాల నియమాలు మాకు దారి చూపుతున్నాయి. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్లు దాటిన వాహనం వింటేజి అవుతుంది. 20,000 రూపాయలు కడితే 'వీఏ' అనే అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. మా పద్మినికి 2028లో యాభై నిండుతాయి. వింటేజి వాహనాన్ని నిత్యావసరాలకు రోడ్డు మీద తిప్పకూడదన్నది ముఖ్యమైన షరతు. ఇంకా వర్తించకముందే ఈ షరతును ఇన్నేళ్లుగా ఒక్కరోజైనా ఉల్లంఘించకుండా పాటిస్తున్న పౌరుణ్ణి ప్రభుత్వం గుర్తించకపోవడం విచారకరం. ముంబయిలో ఈ జాతి టాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగి తిరిగి, ఆయువు తీరి, రోడ్డు మీద నుంచి మాయమైపోయాయి. మాది తిరగలేదు. కనుకనే ఉంది.

కదలకపోవడాన్ని తప్పుగా చూసేవారు చరిత్రను కూడా గుర్తుంచుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్న మా తాతగారు ఒడిశాలో నిద్రలేచారు. మంచం కూడా జరపలేదు. పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం అటువైపే ఉండిపోయింది. ఉన్నచోటనే ఉండి రాష్ట్రం దాటిన వంశం మాది. కదలనందుకు కారును నిందించే అర్హత మాకెవరికీ లేదు.

ఇప్పుడు గృహప్రయోజనాలు. బరంపురం అప్పడాల గురించి నేను చెప్పనక్కరలేదు. వేసవిలో నల్లరంగు బానెట్టు మీద పరిచిన అప్పడం డాబా మీద పరిచినదానికంటే ముందే ఎండుతుందని మా ఆవిడ పరిశోధనలో తేలింది. డిక్కీలో ఆవకాయ జాడీలున్నాయి. చీమలు పట్టకుండా ఆ చల్లటి చీకటిలో ఊరగాయ బాగా ఊరుతుందట. వెనక సీటులో పిల్లి నాలుగు కాన్పులు చేసుకుంది. మా అమ్మ మధ్యాహ్నం ముందు సీటులో కూర్చొని, అద్దం దించుకొని వీధిని చూస్తుంది. ఇచ్ఛాపురం నుంచి ఏ శుభకార్యానికి పిలుపు వచ్చినా, "కారు తయారు కాగానే అందులోనే వస్తాం, మావయ్యగారూ," అని నేను జవాబిస్తాను. ఈ ఒక్క వాక్యం విలువ ముందు ఇన్నాళ్లుగా మిస్త్రీకిచ్చినది లెక్కలోకి రాదు. ఎంత ఇచ్చానో మాత్రం ఇక్కడ రాయను. ఈ వ్యాసం మా ఇంట్లో కూడా చదువుతారు.

ఇంత పకడ్బందీగా సాగుతున్న వ్యవస్థకు పోయిన నెలలో ఒక ప్రమాదం ముంచుకొచ్చింది. ఒక సాయంత్రం మిస్త్రీ కొత్త కండెన్సరు బిగించి, చోకు లాగి, తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. పొగ పోయింది, దగ్గు పోయింది, నాలుగు సిలిండర్లూ ఒక్క గొంతుతో పాడాయి. మిస్త్రీ చేతులు తుడుచుకొని, చక్రాలు బిగించి పొద్దున్నే దిమ్మల మీద నుంచి దించేద్దామన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా ఆవిడ బానెట్టు వైపు చూసింది. అమ్మ చేతిలోని విసనకర్ర ఆగింది. ఇక సలహా ఎవరికిస్తానన్నట్టు మాస్టారు అరుగు మీద చతికిలబడ్డారు. అప్పుడే ఫోను మోగింది. ఎలా తెలిసిందో ఏమో, ఇచ్ఛాపురం నుంచి మావయ్యగారు.

ఆ రాత్రి రెండు గంటలకు నేను టార్చిలైటు పట్టుకొని చప్పుడు కాకుండా వాకిట్లోకి వెళ్లాను. డిస్ట్రిబ్యూటరు మూత కింద రోటరు అని బొటనవేలంత ముక్క ఒకటుంటుంది. దాన్ని తీసి జేబులో వేసుకుంటే ఎంత గొప్ప ఇంజనైనా మూగబోతుంది. బానెట్టు ఎత్తి, క్లిప్పులు వదులు చేసి, మూత తీశాను.

రోటరు అప్పటికే లేదు.

పొద్దున్నే మిస్త్రీ వచ్చాడు. తాళం తిప్పితే స్టార్టరు తిరిగింది గాని ఇంజను అందుకోలేదు. స్క్రూడ్రైవరు చెవిలో పెట్టుకొని విన్నాడు. తరువాత మూత తీసి చూసి, మళ్లీ మూశాడు. మా ఆవిడ లోపలి నుంచి టీ తెచ్చింది. ఆ రోజు అందులో యాలకులు కూడా వేసింది. అమ్మ ముందు సీటులో సర్దుకొని కూర్చుంది. మాస్టారు గేటు తీసుకొని లోపలికి వస్తూ, లోపం పెట్రోలులోనే ఉండి ఉంటుందన్నారు. మిస్త్రీ మా అందరి ముఖాలూ ఒకదాని తరువాత ఒకటి చూసి, గ్లాసు కింద పెట్టి, "కాలి," అన్నాడు. ఏ కాలి అని నేను అడగలేదు.