అమ్మ ఒక్కదాని డ్యూటీ కాదు

బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ పుట్టినంత మాత్రాన కాపురం చెడిపోదు. ఆ బిడ్డ పనంతా ఒక్క మనిషి నెత్తిన పడేస్తేనే చెడిపోతుంది. మన ఇళ్లలో ఆ ఒక్క మనిషి ఎవరో చెప్పక్కర్లేదు. పైగా నింద కూడా ఆమెదే. బుద్ధిమాంద్యానికి ఒక కారణమైన డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము అదనంగా రావడం చాలావరకు కణవిభజనలో జరిగే పొరపాటు. గ్రహణానికీ, తల్లి తిన్నదానికీ దాంతో సంబంధం లేదు. మేనరికంలో ముప్పు పెరిగే మాట నిజమే. కానీ అక్కడ పైకి తేలే జబ్బుల్లో ఎక్కువ భాగానికి దెబ్బతిన్న జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ రావాలి.

అసలు గొడవ మొదలయ్యేది చిన్న పనుల దగ్గర. టీషర్టు వేసుకోవడమే తీసుకోండి. దీన్ని చివరి మెట్టు నుంచి నేర్పాలి. తల, చేతులు మనమే దూర్చి, పొట్ట మీదికి లాక్కోవడం ఒక్కటే పిల్లాడికి వదలాలి. అది వచ్చాక రెండో చెయ్యి, ఆ తర్వాత మొదటిది, ఆఖర్న తల. వారాలు పడుతుంది, నెలలూ పట్టొచ్చు. అమ్మ రోజూ పది నిమిషాలు ఓపిక పట్టి ఆగుతుంది. ఆదివారం నాన్న టైమవుతోందని అర నిమిషంలో తొడిగేస్తాడు. కాసేపు ఊరుకుంటే ఎవరో ఒకరు తొడుగుతారన్న పాఠమే పిల్లాడికి వంటబడుతుంది.

టాయిలెట్ అలవాటూ అంతే. వారం పాటు ఏ టైముకు వెళ్తున్నాడో కాగితం మీద రాసుకుని, దానికి కాస్త ముందే కూర్చోబెట్టాలి. అమ్మ ‘సుస్సు’ అని, నాన్న ‘బాత్రూమ్’ అని అంటే పిల్లాడికి అవి రెండు వేర్వేరు సంగతులు. మాట ఒకటే ఉండాలి, ఆ కాగితం నాన్న కూడా చదవాలి. ఆమె వారమంతా కట్టింది ఆయన ఒక్క పూటలో కూల్చేస్తే, రాత్రి గదిలో మాటా మాటా పెరగక ఏమవుతుంది?

సంపాదించేవాడు ఇల్లు పట్టుకుని కూర్చుంటే థెరపీ ఫీజులెవరు కడతారంటారు. నిజమే, ఆ ఖర్చు తక్కువేం కాదు. అయినా అడుగుతున్నది ఉద్యోగం మానమని కాదు. రోజుకో పని, స్నానమో రాత్రి అన్నమో, పూర్తిగా తనదిగా తీసుకోమని.

తండ్రి కంటే పెద్ద బాకీదారు ప్రభుత్వం. అధిక సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లోనే ఉంది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో చూసుకునేవారికి నెలకు 600 రూపాయల పథకం పెట్టింది. చిన్న మొత్తమే, కానీ చాకిరీని పనిగా ఒప్పుకున్న మొత్తం. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దివ్యాంగుల పింఛన్ 6,000కు పెరిగింది, మంచిదే. అది బిడ్డ మందులకూ ఆటో ఛార్జీలకూ పోయే డబ్బు. ఉద్యోగం వదులుకున్న తల్లికి భత్యం విడిగా, ఆమె పేరున, ఆమె ఖాతాలోనే పడాలి.