రాజీనామా పేరిట ఉద్వాసన

ఐటీ ఉద్యోగులకు కార్మిక చట్టాలు వర్తించవన్న మాట ఎంతగా నాటుకుపోయిందంటే, ఉద్యోగం పోయినవారికి కూడా లేబర్ ఆఫీసు గడప తొక్కాలన్న ఆలోచన రాదు. ఆ మాటలో నిజం లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుడి నిర్వచనంలోనే సాంకేతిక పనిని చేర్చింది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా దాన్ని తీసేయలేదు. జీతం లెక్క పర్యవేక్షణ పనిలో ఉన్నవారికే: నెలకు 18,000 రూపాయలు దాటితే వారు కార్మికులు కారు. ప్రోగ్రాములు రాసేవారికి, టెస్టింగ్ చేసేవారికి, సర్వర్లు చూసేవారికి ఎంత జీతం వచ్చినా ఆ పరిమితి అంటదు.

యాజమాన్య బాధ్యతల్లో ఉన్నవారు మాత్రం ఈ రక్షణకు బయటే ఉంటారు. కంపెనీలు పట్టుకునేది ఇక్కడే. ఐటీలో కొన్నేళ్లు తిరిగేసరికి పేరు పక్కన ‘లీడ్’, ‘మేనేజర్’ చేరతాయి. ఒకరిని తీసుకునే, తీసేసే అధికారం మాత్రం రాదు. కోర్టులు చూసేది హోదాను కాదు, ప్రధానంగా చేసే పనిని. 2015లో ఉద్యోగం పోయిన ఒక ఐటీ ఉద్యోగిని కార్మికుడిగానే గుర్తించి, తిరిగి తీసుకోవాలని చెన్నై లేబర్ కోర్టు 2022లో ఆదేశించింది. తీర్పు మంచిదే. కానీ ఇంటి రుణం వాయిదాలు ఏడేళ్లు ఆగవు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఏడాది సర్వీసు నిండిన కార్మికుడిని రిట్రెంచ్ చేయాలంటే, అంటే శిక్షగా కాకుండా ఉద్యోగం నుంచి తీసేయాలంటే, నెల నోటీసో, ఆ నెల జీతమో ఇవ్వాలి. సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం పరిహారంగా చెల్లించాలి, ప్రభుత్వానికి తెలపాలి. మామూలుగా చివర చేరినవారిని ముందు తీయాలి. ఇవేవీ అక్కర్లేని దారి ఒకటుంది: తీసేయకుండా రాజీనామా రాయించుకోవడం. కొంతకాలం ప్రాజెక్టు ఇవ్వకుండా ‘బెంచ్’ మీద కూర్చోబెడతారు, రేటింగ్ తగ్గిస్తారు, ఆపైన హెచ్ఆర్ నుంచి పిలుపు. సంతకం చేస్తే సజావుగా వైదొలిగినట్టు రిలీవింగ్ లెటర్, లేకుంటే టెర్మినేషన్. తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ మచ్చ బయటపడుతుందన్న భయంతో చాలామంది చేసేస్తారు. స్వచ్ఛంద రాజీనామా చట్టం దృష్టిలో రిట్రెంచ్‌మెంటే కాదు. ఒత్తిడి చేశారని రుజువు చేయాల్సింది ఉద్యోగే. ఆ రుజువులున్న మెయిల్, ల్యాప్‌టాప్ అప్పటికే కంపెనీ చేతికి వెళ్లిపోతాయి. లేబర్ శాఖ రికార్డుల్లో మాత్రం ఎవరినీ తీసేసినట్టు ఉండదు.

300 మంది కార్మికులున్న ఫ్యాక్టరీ ఒక్కరిని రిట్రెంచ్ చేయాలన్నా ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. కోడ్‌లో ఈ నిబంధన ఉన్న అధ్యాయం ఫ్యాక్టరీలు, గనులు, తోటలకే పరిమితం కాబట్టి వేలమంది పనిచేసే సాఫ్ట్‌వేర్ సంస్థకు ఆ బాదరబందీ లేదు. దీనికి తోడు రాష్ట్రాలు పోటీపడి మినహాయింపులిస్తున్నాయి. ఉద్యోగ నిబంధనలను రాతపూర్వకంగా ఖరారు చేయాలనే స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి కర్ణాటక 2014 నుంచి ఐటీని తప్పిస్తూ వచ్చింది. తెలంగాణ 2025 జులైలో, వారానికి 48 గంటలు దాటకుండా, వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిచ్చింది. లాగిన్ వేళలన్నీ సర్వర్లలో నమోదయ్యే పరిశ్రమలో ఆ 48 గంటల లెక్కను తనిఖీ చేయడం కష్టమేమీ కాదు. అడిగేవారే లేరు.

పెట్టుబడులు వద్దని మేం అనడం లేదు. పెద్ద ఐటీ సంస్థలు నెలనెలా ఎన్ని రాజీనామాలు తీసుకున్నాయో లేబర్ శాఖకు తెలపాలి. హెచ్ఆర్ గదిలో పెట్టిన సంతకాన్ని కొన్ని రోజుల్లోగా వెనక్కి తీసుకునే హక్కుండాలి. రిలీవింగ్ లెటర్ బెదిరింపు సాధనం కాకూడదు. ఐటీ ఉద్యోగులు సంఘం పెట్టుకోవచ్చని తమిళనాడు 2016లోనే స్పష్టం చేసింది. ఉభయ తెలుగు రాష్ట్రాలూ అంతే స్పష్టంగా ఆ మాట చెప్పాలి.

కొత్త కోడ్ ప్రకారం వివాదం తలెత్తిన రెండేళ్లలోపు రాజీ అధికారి ముందుకు వెళ్లాలి. అక్కడ తేలకపోతే ప్రభుత్వ సిఫారసు కోసం ఎదురుచూడకుండా ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ‘మీరు ఐటీ వాళ్లు కదా’ అంటూ ఏ జిల్లాలోనూ ఆ దరఖాస్తును తిప్పి పంపకూడదని లేబర్ కమిషనర్లు ముందుగా ఒక సర్క్యులర్ ఇవ్వాలి.