సవరణ: మెషీన్ గన్ పన్ను పోలేదు, 200 డాలర్లే

అమెరికాలో 2026 జనవరి 1 నుంచి మెషీన్ గన్ బదిలీ పన్ను (గన్ చేతులు మారేటప్పుడు కట్టేది) సున్నా అయిందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. 2025 జులైలో వచ్చిన చట్టం సైలెన్సర్లకు, పొట్టి బారెల్ రైఫిళ్లకు, అలాంటి మరికొన్నిటికి పన్ను ఎత్తేసింది. మెషీన్ గన్‌లకు 1934లో పెట్టిన 200 డాలర్లు అలాగే ఉన్నాయి, బాంబులు, గ్రెనేడ్ల వర్గానికీ అంతే. చట్టం పాఠంలోనే ఈ మినహాయింపు ఉంది, నేను వార్త హెడ్డింగ్ చూసి రాసేశాను.

ఆ పోస్టు చదివి కొందరు కొత్త మెషీన్ గన్ కొని రిజిస్టర్ చేయించుకోవచ్చనుకున్నారు. కుదరదు. 1986 మే 19కి ముందు చట్టబద్ధంగా రిజిస్టరైనవే సామాన్యుల చేతులు మారతాయి. సంఖ్య పెరగదు కాబట్టి ఒక్కోటి వేల డాలర్లు, చాలావరకు పదుల వేలు. ఆ ధర ముందు 200 డాలర్లు చిల్లరే. ఫారం 4 (బదిలీ దరఖాస్తు), వేలిముద్రలు, ఫొటో పంపి, తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ అనుమతి వచ్చాకే గన్ చేతికి తీసుకోవాలి. రాష్ట్ర చట్టం కూడా ఒప్పుకోవాలి. ఇల్లినాయ్, న్యూయార్క్‌లలో హాబీ కోసం ఉంచుకోనివ్వరు.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు అడిగారు కాబట్టి: వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఆ వీసాతో మామూలు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. ఇక మన దేశంలో, 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆటోమేటిక్ తుపాకులు నిషిద్ధ ఆయుధాలు. పాత పోస్టులో పన్ను గురించిన వాక్యం సరిచేశాను.