ఆకాశరామన్న అడ్రసు

నెల్లూరులో మా పేట ఫేస్‌బుక్ గ్రూపులో ఆరు నెలలుగా ఒక మహానుభావుడు తిరుగుతున్నాడు. పేరు ‘నిప్పులాంటి నిజం’. ప్రొఫైల్ ఫొటోలో పులి. ఉండేది డాలస్ అని రాసుకున్నాడు. కాలవ పూడిక తియ్యలేదని ఎవరైనా ఫొటో పెడితే ‘ముందు నీ గుమ్మం ఊడ్చుకో’ అంటాడు. ఎవరి పాపకైనా ఇంటర్‌లో మంచి మార్కులొస్తే ‘సీటుతో పాటు మార్కులు కూడా కొన్నారా’ అంటాడు. స్వర్ణాల చెరువు మీద నేనొక పద్యం రాసి పెడితే, ‘చెరువులో నీళ్ళు ఎందుకు ఇంకిపోతున్నాయో ఇప్పుడర్థమైంది’ అని కింద రాశాడు. దానికి 42 మంది నవ్వారు. అందులో మా ఆవిడ ఒకరు. ఆ రోజే నేను పరిశోధనకు దిగాను. కక్ష ఏమీ లేదు, కేవలం సమాజహితం.

పూర్వం ఆకాశరామన్న ఉత్తరానికి ఒక పద్ధతుండేది. కార్డు కొనాలి, ఎడం చేత్తో రాయాలి, పక్క ఊరికి పోయి పోస్టు డబ్బాలో వెయ్యాలి. అంత శ్రమ పడ్డవాడికి ఎంతో కొంత మర్యాద ఇవ్వొచ్చు. ఇప్పటి రామన్నకు బస్సు చార్జీ కూడా కాదు.

మా అడ్మిన్ గారు చట్టం తెలిసిన మనిషి. ‘66ఏ కింద లోపలేయిస్తా’ అని గ్రూపులో హెచ్చరిక పెట్టారు. నెట్‌లో రాతలకు జైల్లో వేసే ఆ ఐటీ చట్టం సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసిందండీ అంటే, ‘కొట్టేస్తే మాత్రం, బెదిరించడానికి పనికిరాదా?’ అన్నారు. తర్వాత ఐపీ అడ్రస్, అంటే నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు, లాగుతానన్నారు. మొబైల్ డేటాలో ఒక్కో ఐపీ అడ్రసు వెనక బోలెడు ఫోన్లుంటాయి. ఏ నిమిషంలో అది ఎవరి ఫోనుకు పోయిందో నెట్ కంపెనీ రికార్డుల్లో చూడాలి. అవి పోలీసులు అడిగితే ఇస్తారు గానీ పేట గ్రూపు అడ్మిన్ అడిగితే ఇవ్వరు. ఈయన ఊరికే పట్టుకుని లాగితే ట్రంకు రోడ్డు మొత్తం ఊడొస్తుంది.

అందుకని నేను శాస్త్రాన్ని నమ్ముకున్నాను. 1787-88లో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ ‘పబ్లియస్’ అనే మారుపేరుతో 85 వ్యాసాలొచ్చాయి. రాసింది ముగ్గురు. వాటిలో 12 మాత్రం ఆ ముగ్గురిలో హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్న తగువు నూట డెబ్భై ఏళ్ళు దాటినా తెగలేదు. 1964లో మోస్టెల్లర్, వాలెస్ అనే ఇద్దరు గణాంక శాస్త్రజ్ఞులు పెద్ద మాటలన్నీ పక్కనపెట్టి, చిన్నాచితకా మాటల లెక్క తేల్చారు. ‘అపాన్’ (upon) అన్న మాట హామిల్టన్‌కు ఊతపదం, మాడిసన్ కలం నుంచి ఎప్పుడో గానీ రాదు. ఇలాంటి లెక్కలతో పన్నెండూ మాడిసన్ ఖాతాలో పడ్డాయి. మనిషి ఆలోచించి వాడే మాటలు మార్చుకోగలడు గానీ, అలవాటుగా జారే మాటలు ఆపుకోలేడన్నమాట.

ఒకరి గొంతుతో ఇంకొకరు రాయడంలో మనవాళ్ళూ తీసిపోలేదు. నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని దాదాపు మూడొందల ఏళ్ళ తర్వాత, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన పూర్తిచేశాడు. నన్నయ తీరు తోచేటట్టు రాసి, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఇంత చేసీ, చివర్లో తన పేరు గోత్రంతో సహా చెప్పేసుకున్నాడు. నా పులికి ఆ పాటి సంస్కారం కూడా లేదు.

మొదట దొరికిన ఆధారం ‘అభివృద్ది’. ధ ఒత్తు ఉండాల్సిన చోట ద ఒత్తు ఇస్తాడు. దొరికాడనుకున్నాను. సాయంత్రం బజారుకు పోతే ఊళ్ళో ఏ ఫ్లెక్సీ చూసినా అదే ‘అభివృద్ది’. అన్ని పార్టీల నాయకులనూ ఒకేసారి అనుమానించడం ఒంటికి మంచిది కాదని ఆ ఆధారం వదిలేశాను.

రెండోది ‘పిలకాయలు’. ‘మా డాలస్‌లో పిలకాయలు ఇట్టా ఉండరు’ అని ఒకసారి నోరు జారాడు. పిల్లల్ని పిలకాయలన్నాడంటే పెన్న నీళ్ళు తాగినవాడే. పైగా మా సందులో కరెంటు పోయి వైఫై ఆగినప్పుడల్లా డాలస్ కూడా గమ్మునుంటుంది. ఆదివారం పొద్దున పదింటి దాకా ఒక్క ముక్క రాయడు, అది చేపల మార్కెట్టు వేళ. సోమవారం మాత్రం పొద్దున్నే విజృంభిస్తాడు. రాత్రంతా ఊరిన చేపల పులుసు తిన్నవాడికి తప్ప ఆ ఊపు రాదు. ఇది అమెరికా శాస్త్రజ్ఞులకు తట్టని పద్ధతి.

చివరికి పట్టిచ్చింది మాత్రం ఒక ఖాళీ. ప్రశ్న గుర్తుకు ముందు వాడు కాస్త చోటు వదులుతాడు. ‘ఇది న్యాయమా ?’ అని. ప్రతిసారీ అంతే. ఒక రాత్రి ఏదో బిల్లు ఫొటో కోసం పాత వాట్సాప్ మెసేజీలు వెతుకుతుంటే ఆ ఖాళీ కనబడింది. ‘అన్నా, అమ్మకు జొరం తగ్గిందా ?’

మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ రెండు పూటలా క్యారియర్ తెచ్చిచ్చిన మనిషి. నాకు వరసకు తమ్ముడు. నాలుగిళ్ళ అవతలే ఉంటాడు. ఎదురుపడితే బండి ఆపి దిగి మాట్లాడతాడు.

కనిపెట్టడం దాకా చెప్పారు గానీ, ఆ తర్వాత ఏం చెయ్యాలో మోస్టెల్లర్ గారు రాయలేదు. ఆయనకేం, హామిల్టనూ మాడిసనూ పోయి అప్పటికే వందేళ్ళు దాటింది. వాళ్ళ పక్కన విస్తరి ముందు కూర్చునే పని ఆయనకు లేదు. నాకు వచ్చే నెల ఈ తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్ ఉంది. కార్డులో నా పేరు కూడా వేయించాడు.

మొన్న టీ బంకు దగ్గర కలిశాడు.

“అన్నా, ఆ పులిబొమ్మోడు ఎవరో తెలిసిందా? నిండా ఓవర్ చేస్తున్నాడు” అన్నాడు.

“ఇంకా వెతుకుతున్నా తమ్ముడూ” అన్నాను.

“వదలబాక అన్నా. ఇట్టాంటోళ్ళను నడిబజార్లో నిలబెట్టాల” అని, రెండు టీలకూ తనే డబ్బులిచ్చాడు.

రాత్రి తొమ్మిదింటికి పులి గర్జించింది. ‘పద్యాలు రాసేవాళ్ళు జన్మలో ఒక్కసారైనా టీ డబ్బులు ఇచ్చారా ?’

నేను చూసేసరికి 38 మంది నవ్వారు. మా ఆవిడ నాకంటే ముందే నొక్కేసింది. ముప్పై తొమ్మిదోది నాది.